బెల్లం తిన్న నోరు

మూడో రోజు

నీళ్ళు బాగున్నాయి. తొట్టి మీటరు ముల్లు ఆకుపచ్చ గీత దాటలేదు.

దిగువపేట నీళ్ళ మనిషిగా ఈ చిట్టాలో రోజూ నేను రాయవలసింది ఇంతే. మిగతా కాగితం ఖాళీగా పోతుంది కనుక నా గోడు రాసుకుంటాను. దీన్ని చదివే తీరిక పేటలో ఎవరికీ లేదు.

ఈ రోజు నేను బెల్లం తిన్నాను. మా పేటలో ఆ మాట అంటే చాలు, ఇంట్లో ఎవరికో పెద్ద మందు మొదలైందని అందరికీ తెలిసిపోతుంది. మందు వల్ల వచ్చే చెడు గుణాలను రోగికి చెప్పకూడదు. చెబితే అవన్నీ వరసపెట్టి వచ్చేస్తాయట. అలాగని దాచడమూ తప్పే. అందుకని రోగి తరఫున ఇంట్లోవాళ్ళు ఒకరు వినికిడి మనిషిగా వెళ్ళి వింటారు. విన్నాక డాక్టరమ్మ నోట్లో బెల్లం ముక్క పెడుతుంది. అది నమలకుండా కరిగేదాకా గది దాటకూడదు. దాటాక విన్నది ఎవరికీ చెప్పకూడదు.

రోగి నా భార్య మద్దిలేటమ్మ. జబ్బు రాతిదగ్గు. పైన ఎండకు తాళలేక మా తాతల కాలంలో ఈ పాత సున్నపురాయి గనిలోకి దిగాం. ఎండ తప్పింది గాని దుమ్ము తప్పలేదు. మద్ది ఊపిరితిత్తుల నిండా ఆ దుమ్మే. మందు పనిచేస్తే ఇంకా చాలాకాలం బతుకుతుంది. లేకపోతే వచ్చే వానలు చూడదు.

డాక్టర్ షరీఫా తలుపు వేసి చెప్పింది. "కడుపులో తిప్పడం, జుట్టు ఊడటం, పిచ్చి కలలు, ఎడమచేతి చిటికెన వేలు చల్లబడటం. ఇంతే ఓబులేసన్నా."

"చిటికెన వేలా? అదీ ఎడమదేనా? ఎందుకు డాక్టరమ్మా?"

"నోరు తెరవండి" అని బెల్లం పెట్టేసింది.

ఇంటికి వస్తే మద్ది గడప దగ్గరే కాచుకుని ఉంది. మణికట్టు మీద కొత్తగా కట్టిన శంకపట్టీ ఆకుపచ్చగా ఉంది. మనసులో భయం పెరిగితే ఆ పట్టీ పసుపవుతుంది, బాగా ముదిరితే ఎర్రబడుతుంది. వారానికొక సూది. సూది రోజున పట్టీ ఎర్రగా ఉంటే ఆ మందు వరసలో తర్వాత ఉన్నవాళ్ళకు పోతుంది. భయపడే ఒంట్లో పోసిన మందు నేలపాలేనని పేట నియమం.

"ఏం చెప్పినారయ్యా?" అంది మద్ది.

"బెల్లం బాగుండాది."

"నీ మొగం జూస్తే అట్ల లేదే."

నేను నవ్వాను.

"ఆ నవ్వొద్దులే, ఇంకా బయమైతాంది" అని లోపలికి పోయింది.

పదకొండో రోజు

నీళ్ళు బాగున్నాయి.

నేను మాత్రం బాగాలేను. నాలుగు రోజులుగా అన్నం ముందు కూర్చుంటే కడుపులో తిప్పుతోంది. దువ్వెన నిండా నా జుట్టే. నిన్న కలలో తొట్టి నిండా గొర్రెపిల్లలు ఈదుతున్నాయి, వాటికి నేను లెక్కలు నేర్పుతున్నాను. సూదులు మద్దికి వేస్తున్నారు, నాకు కాదు. ఈ సంగతి నాకు నేనే రెండుసార్లు చెప్పుకున్నాను. అయినా ఈ ఉదయం పంపు తిప్పుతుంటే ఎడమచేతి చిటికెన వేలు చల్లగా తగిలింది. పక్క వేళ్ళన్నీ వెచ్చగానే ఉన్నాయి. వేలు చంకలో పెట్టుకుని పని కానిచ్చాను.

మద్ది మాత్రం నిక్షేపంలా ఉంది. మొన్నటిదాకా మెట్లదారిలో రెండో మలుపు దగ్గరే కూలబడేది. ఈ రోజు తెల్లవారుజామున పైదాకా ఎక్కి, ఎండ ముదరకముందే పొద్దుపొడుపు చూసి దిగింది. దిగాక కూడా దగ్గలేదు. సంతోషంతో నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆమె చూడకుండా తుడుచుకున్నాను. చూస్తే దానికి కూడా ఏదో అర్థం తీస్తుంది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. చెంబెడు నీళ్ళు తాగి మూతి చిట్లించింది.

"ఏమయ్యా, నీళ్ళు తుప్పు కొడుతుండాయి."

ఇన్నేళ్ళుగా నేను కాస్తున్న నీళ్ళు. పేట మొత్తంలో నా నీళ్ళకు ఇంతవరకు ఎవరూ వంకపెట్టలేదు.

"ఏ నీళ్ళు? మన నీళ్ళా?"

"మన నీళ్ళే. నాలుగైదు దినాల్నుంచి అట్లనే ఉండాయి."

"మీటరు సూసొచ్చినా ఇప్పుడే. అద్దం లెక్క ఉండాయి. నీ నోరే బాగలేదు, నీళ్ళకెందుకు పేరుపెడతావు?"

"సరేలే సామీ, నీ నీళ్ళు తేనె" అని చెంబు బోర్లించింది. నాకు ఇంకా ఒళ్ళు మండింది. మళ్ళీ తొట్టి దగ్గరకు వెళ్ళి మీటరు చూశాను. ముల్లు ఆకుపచ్చలోనే ఉంది. ఇంటికొచ్చి ఆ మాట మళ్ళీ చెప్పాను.

పద్నాలుగో రోజు

నీళ్ళు బాగున్నాయి.

మద్ది వేడి గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. తాగడం లేదు, ఊరికే పట్టుకుంది.

"ఏమైంది?"

"ఏంలే. ఎడం చెయ్యి చిటికెనేలు సల్లగ ఐతాంది."

నేను చెప్పలేదు. బెల్లం మీద ఒట్టు, నిద్రలో కూడా పలకలేదు. అంటే మందు గుణం నిజంగానే దిగుతోందా? అలాగైతే నాకెందుకు దిగింది? ఆమెకు రావలసింది నాకు ముందు వచ్చి, తీరిగ్గా ఆమెకు పోయిందా? తల గోక్కుంటే చేతికి ఇంకో నాలుగు వెంట్రుకలు వచ్చాయి.

పట్టీ పసుపుకు తిరిగింది. "ఇది మందుదేనా?" అని మద్ది అడిగింది. నేను అవుననలేదు, కాదనలేదు. వినికిడి మనిషి రెండూ అనకూడదు. ఆమె నా ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. ఈ నియమం పెట్టినవాడికి భార్య ఉండి ఉండదు.

పదిహేనో రోజు

నీళ్ళు బాగున్నాయి అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. ఎందుకో చెబుతాను.

పొద్దున్నే డాక్టరమ్మ కబురంపింది. వెళ్ళేసరికి చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"మీ ఆవిడ చిటికెన వేలు చల్లబడిందని చెప్పింది. మీరు చెప్పేశారు కదూ?"

"లేదు డాక్టరమ్మా."

"అబద్ధమాడకండి ఓబులేసన్నా. మీరు చెప్పకపోతే ఆమె వేలు చల్లబడదు. అసలు ఆ మందుకు అలాంటి గుణమే లేదు. అది నేను కల్పించింది."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. ప్రతి వినికిడి మనిషికీ నిజమైన గుణాల్లో ఒక దొంగగుణం కలిపి చెబుతారట. రోగికి అది వచ్చిందంటే విన్నవాడు నోరు జారాడని రుజువు.

"అట్లయితే ఇదేంది?" అని నా ఎడమచెయ్యి చాపాను.

ఆమె నా వేలు పట్టుకుంది. పక్క వేలు పట్టుకుంది. మళ్ళీ మొదటిది పట్టుకుంది. బల్ల మీది ఉష్ణమాపకం తెచ్చి చూసింది.

"నిజంగానే చల్లగా ఉంది" అని కుర్చీలో కూర్చుంది. "మీరు ఇంట్లో ఈ వేలు రుద్దుకునేవారా?"

"చంకలో పెట్టుకుంటాంటి."

"చూసిందన్నమాట. చెప్పకుండానే చెప్పారు." తర్వాత, "ఇంకేమైనా అంటోందా? కడుపు, కలలు?" అని అడిగింది.

"అవన్నీ నాకే. ఆమెకేం లేవు. ఊరికే నా నీళ్ళకు పేరుపెడుతుండాది, తుప్పు రుచి అని."

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "ఎన్నాళ్ళుగా?"

"వారం దాటింది."

"నేను ప్రతి సూదికీ అడుగుతాను, నోరు బాగుందా, తిండి రుచిగా ఉందా అని. అంతా బాగుందనే చెప్పిందే!"

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఈ మందుకు ప్రాణం మీదికి తెచ్చే గుణం ఒకే ఒకటి ఉంది. మందు కాలేయాన్ని తినడం మొదలుపెడితే నోట్లో తుప్పు రుచి తెలుస్తుంది. అది ఏ రూపంలోనూ రోగి చెవిన పడకూడదని వినికిడి మనిషికి కూడా చెప్పరు. ఆ రుచి నిజంగా మందుదే అయితే తర్వాతి సూది వేయకూడదు, వేస్తే మనిషి దక్కదు. మందుది కాకపోతే సూది ఆపకూడదు, ఆపితే రాతిదగ్గు తిరగబడుతుంది. సూది ఎల్లుండి.

"నీళ్ళు నిజంగా తుప్పు పట్టలేదు కదా?" అంది.

"మీటరు..." అన్నాను. ఆ గది దాటేముందు కూజాలో నీళ్ళు తాగాను. తుప్పు రుచి వచ్చింది.

పదహారో రోజు

నీళ్ళు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. ఈ చిట్టాలో ఇలా రాయడం ఇదే మొదటిసారి.

మీటరు బాగున్నాయంటోంది. నా నోరు తుప్పంటోంది. కానీ నా నోటిని నమ్మేదెలా? లేని వేలి జబ్బు తెచ్చుకున్నవాడిని. నీళ్ళలో ముంచి పరీక్షించే కాగితాలు ఎప్పుడో అయిపోయాయి, సరుకుల బండి వస్తే గాని రావు. మా సందు కింద గొట్టం తవ్వి చూద్దామంటే, ఏదో ఒక రుజువు లేకుండా నీళ్ళు కట్టేయడానికి పేట పెద్దలు ఒప్పుకోరు.

అందుకని నేను చేయకూడని పని చేశాను. పక్కింటి తిక్కస్వామిని పిలిచి, "మామా, నీళ్ళు తుప్పు కొడుతుండాయా?" అని అడిగాను.

ఆయన గ్లాసెడు తాగాడు, నాలుక చప్పరించాడు. "నువ్వు అడిగినాక... ఔనబ్బీ, కొడుతుండాయి."

తిక్కస్వామికి తెలిస్తే సందుకు తెలిసినట్టే. మధ్యాహ్నానికి సందులో అందరికీ తుప్పు రుచే. ఒకామెకు ఉప్పు సంచిలో కూడా తుప్పు తగిలిందట. వేరే తొట్టి నీళ్ళు తాగే ఎగువ వరస వాళ్ళు కూడా బిందెలు పట్టుకుని నా మీదికి వచ్చారు. అడగడమే చెప్పడమవుతుందని నాకు అప్పుడు గాని తట్టలేదు. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

మద్ది చెవినా పడింది. సందంతా అంటున్నారు, మొగుడు మూడు దినాలుగా గాలి పీల్చడం మరిచినవాడిలా తిరుగుతున్నాడు, డాక్టరమ్మ అడిగిందే అడుగుతోంది. ఆమె తెలివితక్కువది కాదు. పట్టీ ఎర్రగా తిరిగింది.

డాక్టరమ్మ రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి తొట్టిలోంచి నేరుగా ముంచింది, రెండోది మా కొళాయిది. ఏది ఏదో చెప్పకుండా మద్దికి ఇచ్చింది. మద్ది రెండూ తాగి, "రెండిట్లోనూ ఉండాది" అంది. ఇది మందా, భయమా? డాక్టరమ్మ నన్ను చూసింది, నేను డాక్టరమ్మను చూశాను. ఇద్దరికీ తెలియదని ఇద్దరికీ తెలిసింది.

"రేపటికి వేరే రుజువు దొరక్కపోతే సూది ఆపేయక తప్పదు" అని వెళ్ళిపోయింది.

నేను మద్ది పక్కన కూర్చున్నాను.

"డాక్టరమ్మ అన్నిసార్లు అడిగితే నోరు బాగుండాదని ఎందుకు చెప్పినావు?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ చెప్పింది. "నలుగురు కూర్చోని ఉంటారయ్యా ఆడ. నీళ్ళాయప్ప పెండ్లామే నీళ్ళు బాగలేవంటే నీ పరువేం గావల్ల? ఇంట్లో చెప్తే నువ్వు తిడితివి. మల్ల యాడ చెప్పల్ల?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ముఖం దాచుకుని ఇన్నాళ్ళూ బావుకున్నదేమీ లేదు.

పదిహేడో రోజు

నీళ్ళు బాగాలేవు. ఇంత సంతోషంగా ఈ మాట ఏ నీళ్ళ మనిషీ రాసి ఉండడు.

పొద్దున్నే మెట్లదారి మొదట్లో తలపట్టుకుని కూర్చున్నాను. తుప్పు మాట వినని నోరు ఈ పేటలో ఎక్కడుంది? అప్పుడు తిక్కస్వామి పైదొడ్డిలో మేపుకొచ్చిన మేకను తోలుకుని దిగాడు. పది దినాలుగా పైనే ఉన్న మేక. దానితో నేను మాట్లాడలేదు, సందులో వాళ్ళూ మాట్లాడలేదు.

డాక్టరమ్మను లాక్కొచ్చాను. ఆమె ముందు నవ్వింది, తర్వాత నవ్వడం మానేసింది. తనే రెండు బేసిన్లలో నీళ్ళు నింపి, అడుగున గుర్తులు పెట్టి, ఏది తొట్టిదో ఏది కొళాయిదో నాకు చెప్పలేదు. తిక్కస్వామికీ చెప్పలేదు. నా ముఖం చూసి మేక ఏమైనా కనిపెడుతుందేమోనని నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి డాక్టరమ్మ కూడా వచ్చి నా పక్కన గోడవైపే తిరిగింది.

"ఏంది మీ ఇద్దరికీ?" అన్నాడు తిక్కస్వామి. "నా మేకకేం రోగం?"

"రోగం కాదు మామా, దాహం. ఏం చేస్తాందో చెప్పు."

"మొదటిది తాగుతుండాది... బాగ తాగుతుండాది. రెండోదానికి పోయె. మూతి పెట్టె. తుమ్మె. ఎనక్కి జరిగె. మల్ల మొదటిదానికే వచ్చె."

డాక్టరమ్మ బేసిన్లు అటూ ఇటూ మార్పించింది. మేక మళ్ళీ అదే బేసిను దగ్గర తుమ్మి, మళ్ళీ అదే బేసిను ఖాళీ చేసింది. డాక్టరమ్మ వంగి అడుగు చూసింది. మేక ముట్టనిది మా కొళాయి నీళ్ళు.

"నా నీళ్ళు చెడ్డవి!" అని నేను అరిచిన అరుపు గని చివరిదాకా వినిపించింది. పెద్దలు ఆ అరుపుకే వచ్చారు. మేకను వాళ్ళ ముందు మరోసారి తాగించి, కొళాయి నీళ్ళు కట్టేసి, సందు మొదట్లో తవ్వాం. పోయిన నెల కొత్తది దొరక్క రెండు గొట్టాలను కలుపుతూ నేనే బిగించిన పాత ఇనుప జోడు లోపలంతా ఎర్రగా పొరలు లేచి ఉంది. మీటరేమో తొట్టిలో ఉంది, జోడుకు అవతల. అది అబద్ధం చెప్పలేదు. నేనే దానికి తెలియనిది అడిగాను.

ఆ తుప్పు జోడును చేత్తో పట్టుకుని, ఒళ్ళంతా బురదతో, సూదిగదిలోకి పరిగెత్తాను. మద్ది మంచం మీద కూర్చుని ఉంది. పట్టీ ఇంకా ఎర్రగానే ఉంది. వరసలో తర్వాతి మనిషి అప్పటికే వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు.

"సూడు! సూడమ్మే! తుప్పు! నీ నోరు బాగుండాది, నా నీళ్ళే చెడ్డవి! మేక చెప్పింది!"

ఆమె జోడును చూసింది. నన్ను చూసింది. "మేక చెప్పిందా?" అంది.

"మేకే చెప్పింది."

"నేను చెప్తే మీటరు సూస్తివి. మేక చెప్తే నేల తవ్వితివా?" అని నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని నవ్వింది. దగ్గు రాకుండా అంతసేపు నవ్వడం నేను చూసి ఏళ్ళయింది. ఆమె నవ్వుతూ ఉండగానే పట్టీ ఎరుపు పలచబడి పసుపుకు దిగింది. డాక్టరమ్మ ఆలస్యం చేయకుండా సూది వేసేసింది.

ఇరవై నాలుగో రోజు

కొత్త జోడు వేశాం. మరో సూది కూడా పడింది. తుప్పు రుచి మద్దికి పోయింది, నాకు పోయింది, సందుకు పోయింది. ఎగువ వరసలో ఇద్దరికి మాత్రం ఇంకా ఉందట. వాళ్ళతో ఏం చెప్పాలో నాకు తెలియదు.

చిటికెన వేలి సంగతి దొంగగుణమని డాక్టరమ్మ నా ముందే మద్దికి చెప్పింది. "అట్లనా?" అని మద్ది తల ఊపింది. ఇంటికొచ్చాక అడిగితే వేలు ఇంకా చల్లగానే ఉందంది. నాదీ అంతే. లేదని తెలిసినా పోవడం లేదు. కడుపు, జుట్టు, కలలు నాకెందుకు వచ్చాయో, అవన్నీ నిజంగా ఉన్న గుణాలైనా ఆమెకెందుకు రాలేదో కూడా ఎవరూ చెప్పలేకపోతున్నారు. డాక్టరమ్మను అడిగితే తనకూ తెలియదంది. అలా అంటున్నప్పుడు ఆమె ఎడమచెయ్యి కోటు జేబులోంచి బయటికి తీయలేదు. ఏమిటని అడగబోయి, అడగడమే చెప్పడమని గుర్తొచ్చి ఊరుకున్నాను.

నీళ్ళు. మీటరు చూశాను, ఆకుపచ్చలోనే ఉంది. కానీ అది రాసేముందు చెంబెడు నీళ్ళు పట్టుకెళ్ళి మద్దికి ఇచ్చాను. ఎలా ఉన్నాయని అడగలేదు. ఆమె తాగింది, ఆలోచించింది, మిగిలినవి కూడా తాగేసింది. తర్వాత నా వేలు తన గుప్పిట్లో పెట్టుకుంది.

నీళ్ళు బాగున్నాయి.